ఈ ప్యాకేజీ తీసేస్తే ఇంకేమేం పోతాయి? తీయకముందే తెలుసుకునే పద్ధతి

మహబూబ్‌నగర్‌లో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ నేను చూసుకుంటాను. మెషీన్లన్నీ ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తాయి. చాలావాటిలో హార్డ్ డిస్క్ చిన్నది. సెమిస్టర్ మధ్యకొచ్చేసరికి డిస్క్ నిండిందన్న మెసేజ్ మొదలవుతుంది. జడ్చర్ల నుంచో దేవరకద్ర నుంచో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ పట్టుకొచ్చే పిల్లలదీ ఇదే గోల. ఇన్‌స్టాల్ అయి ఉన్న ప్యాకేజీల్లో (ఒక్కో సాఫ్ట్‌వేర్ మూటనూ ప్యాకేజీ అంటారు) ఏదో ఒక పేరు చూపించి అడుగుతారు: "మేడమ్, ఇది తీసేస్తే ఏమన్నా అయితదా?"

దీనికి జవాబు ఆ మెషీన్‌లోనే ఉంది, అడగడం తెలియాలి. చాలామంది ఒక్క కమాండ్ నేర్చుకుని, అది చూపించిన జాబితాను నమ్ముతారు. ఆ జాబితా రెండు రకాలుగా దారి తప్పిస్తుంది. పోనివాటిని చూపించి భయపెడుతుంది, పోయేవాటిలో కొన్నిటిని అసలు చూపించదు. అందుకే జాబితా చూడడం ఒక పని, తీసివేతను ఉత్తుత్తిగా నడిపి చూడడం ఇంకో పని. ఏదో ఒక్కదానికే ఓపిక ఉంటే రెండోది చేయండి.

కమాండ్లను ల్యాబ్‌లో నోటితో చెప్పేటట్టే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు పెద్దక్షరం అని చెప్పినచోట తప్ప అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. ఆప్ట్ అంటే ఏ, పీ, టీ; ఉబుంటులో ప్యాకేజీలను ఎక్కించే, తీసే పనిముట్టు. ఆర్‌డిపెండ్స్ అంటే ఆర్ అక్షరం, దానికి అతుక్కునే డిపెండ్స్. అడ్డగీతలు రెండు కనిపిస్తే రెండూ కొట్టాలి, వాటి మధ్య ఖాళీ ఉండకూడదు.

ముందు అసలు సంగతి కొంచెం. డెబియన్ అనే లినక్స్‌ను ఇయాన్ మర్డాక్ 1993లో మొదలుపెట్టారు. ఆప్ట్ 1999లో డెబియన్ 2.1తో జనంలోకి వచ్చింది. ఉబుంటుకు పునాది డెబియనే కాబట్టి పద్ధతి కూడా అదే. ప్రతి ప్యాకేజీ తనకు ఏమేం కావాలో తనే రాసుకుని వస్తుంది. అందులో మూడు ముఖ్యమైన మాటలున్నాయి. డిపెండ్స్ అంటే అది లేనిదే నేను లేను అని. రికమెండ్స్ అంటే మామూలుగా ఉండాలి, లేకున్నా బతుకుతాను అని. సజెస్ట్స్ అంటే ఉంటే మంచిది, అంతే. నాకు ఎవరెవరు కావాలి అన్నది ప్యాకేజీ రాసుకుంటుంది గానీ, నేను ఎవరెవరికి కావాలి అన్నది ఏ ప్యాకేజీలోనూ రాసి ఉండదు. మిగతా అన్నిటి చిట్టాలూ తిరగేసి ఆప్ట్ లెక్క తీయాలి. మా పిల్లలమర్రిలో ఒక ఊడ కొట్టాలనుకుంటే కిందికి వేళ్ళ వైపు చూస్తే లాభం లేదు, దాని మీద ఏ కొమ్మ ఆనిందో పైకి చూడాలి. మనమూ ఇక్కడ పైకే చూడాలి.

మనకు పనికొచ్చే ఉదాహరణతోనే చూద్దాం. తెలుగు ఫాంట్లు. లోహిత్ తెలుగు ఫాంట్ నాకు నచ్చదు, తీసేస్తానని ఒకమ్మాయి కూర్చుంది. ఆ ప్యాకేజీ పేరు ఫాంట్స్-లోహిత్-తెలు. తెలు అంటే టీ, ఈ, ఎల్, యూ. టెర్మినల్ తెరిచి ఇలా కొట్టాలి:

ఆప్ట్ ఆర్‌డిపెండ్స్ --ఇన్‌స్టాల్డ్ ఫాంట్స్-లోహిత్-తెలు

దీనికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఏదీ మారదు, ఎన్నిసార్లైనా కొట్టొచ్చు. ఇన్‌స్టాల్డ్ అన్న మాట మాత్రం మర్చిపోవద్దు. అది లేకపోతే మీ మెషీన్‌లో లేనివీ, ఎప్పుడూ పేరు కూడా విననివీ వచ్చి పడతాయి. దాదాపు అన్నిటికీ కావలసిన లిబ్‌సీ6 అనే మూల లైబ్రరీ లాంటిదాన్ని అలా అడిగితే వేల పేర్లతో తెర నిండిపోతుంది.

మా మెషీన్లలో ఈ ప్రశ్నకు వచ్చిన జవాబు ఒక్క లైన్: ఫాంట్స్-తెలు దీని మీద ఆధారపడి ఉంది. అంతే కదా అనుకుంటే పొరపాటు. ఫాంట్స్-తెలును ఇదే ప్రశ్న అడిగితే ఫాంట్స్-ఇండిక్ అంటుంది. ఫాంట్స్-ఇండిక్‌ను అడిగితే ఉబుంటు డెస్క్‌టాప్ మెటాప్యాకేజీ (తనలో ఏమీ లేకుండా మిగతావాటిని ఒక కట్టగా పట్టుకునేది) కనిపిస్తుంది. అక్కడ మాత్రం డిపెండ్స్ అని ఉండదు, రికమెండ్స్ అని ఉంటుంది. అంటే లోహిత్ తీస్తే ఫాంట్స్-తెలు పోతుంది, దానితో ఫాంట్స్-ఇండిక్ పోతుంది, డెస్క్‌టాప్ దగ్గర మాత్రం ఆగిపోతుంది. మొదటి జాబితాలో ఉన్నది ఒక్క పేరే, పోయేది మాత్రం ఒక్కటి కాదు. జాబితా ఒక్క మెట్టే చూపిస్తుంది, తీసివేత ఎన్ని మెట్లైనా ఎక్కుతుంది. మీ వెర్షన్‌లో పేర్లు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, పద్ధతి ఇదే.

అన్ని మెట్లూ ఒకేసారి చూపించడానికి రికర్స్ అనే ఆప్షన్ ఉంది. నేను వాడను. రికమెండ్స్, సజెస్ట్స్ కూడా కలుపుకుని అది ఎక్కడెక్కడికో పోతుంది. ఆ చిట్టా చదివే ఓపిక నాకు లేదు.

పైన డిపెండ్స్, రికమెండ్స్ అని తేడా కనిపించింది కదా, అది ఆప్ట్ అని కొట్టాం కాబట్టి. పాత పద్ధతిలో ఆప్ట్-క్యాష్ ఆర్‌డిపెండ్స్ అని కొడితే పేర్లు మాత్రమే వస్తాయి, ఏ రకం సంబంధమో తెలియదు. సజెస్ట్స్ కూడా డిపెండ్స్ లాగే కనిపించి గుండె గుభేల్‌మంటుంది. గట్టి సంబంధాలు మాత్రమే కావాలంటే --ఇంపార్టెంట్ అని చేర్చండి, మెత్తటివన్నీ పక్కకుపోతాయి.

ఇంకో గుర్తు ఉంది, నిలువు గీత. కొన్ని లైన్ల ముందు అది కనిపిస్తుంది. ఇది కాకపోతే ఇంకోటైనా సరే అని అర్థం. జావా దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. ఒక మెషీన్‌లో ఓపెన్‌జేడీకే 11, 17 రెండూ ఉన్నాయనుకోండి. చాలా ప్యాకేజీలు ఫలానా వెర్షనే కావాలనవు, జావా-రన్‌టైమ్ ఏదైనా చాలు అంటాయి. ఆ జావా-రన్‌టైమ్ అన్నది నిజంగా ఉన్న ప్యాకేజీ కాదు, ఉట్టి పేరు. ఆ పేరు నేను నిలబెడతానని 11 చెబుతుంది, 17 కూడా చెబుతుంది. కాబట్టి 11ను తీసినా 17 ఆ పని చూసుకుంటుంది. జాబితా చూస్తే మాత్రం సగం ఆఫీస్ సూట్ కూలిపోయేటట్టు కనిపిస్తుంది. చూసి భయపడ్డవాళ్ళు రెండు జావాలనూ అలాగే పెట్టుకుని డిస్క్ నిండిందని ఏడుస్తారు.

ఇప్పుడు ఉత్తుత్తి తీసివేత

ఆప్ట్ -ఎస్ రిమూవ్ ఫాంట్స్-లోహిత్-తెలు

ఎస్ అంటే సిమ్యులేట్. ముందు సుడో (అడ్మిన్ అధికారంతో నడపమనే మాట) పెట్టకండి. సుడో లేకుండా కొడితే, ఒకవేళ ఆ ఎస్ కొట్టడం మర్చిపోయినా ఏమీ కాదు. నీకు అధికారం లేదని చెప్పి ఆగిపోతుంది. ల్యాబ్‌లో నేను దీన్ని రూల్‌లాగా పెట్టాను: ప్రశ్నలకు సుడో లేదు.

ఇది నిజంగా తీసేటప్పుడు ఆప్ట్ వేసే లెక్కే వేస్తుంది. అన్ని మెట్లూ ఎక్కుతుంది, ఒకదాని బదులు ఇంకోటి సరిపోతుందా అని చూస్తుంది, ఉట్టి పేర్లు ఎవరు నిలబెడుతున్నారో చూస్తుంది, చివరికి తేల్చి చెబుతుంది. ఆర్, ఈ, ఎమ్, వీ అనే నాలుగు అక్షరాలతో మొదలయ్యే ప్రతి లైనూ పోయే ప్యాకేజీయే. వాటిని ఒక్కొక్కటిగా చదవండి. పైనుంచి కిందికి చూపు జార్చి సరే అనుకోవద్దు.

తీసేవాటి కంటే పైన ఇంకో రెండు చోట్ల చూడాల్సింది ఉంటుంది. ఒకటి, కొత్తగా ఇన్‌స్టాల్ అయ్యేవి. తీయమంటే ఎక్కించడమేంది అని పిల్లలు ఆశ్చర్యపోతారు. అపాచీకి పీహెచ్‌పీని కలిపే మాడ్యూల్‌ను తీయమని అడిగి చూడండి. పీహెచ్‌పీ ప్యాకేజీకి ఆ మాడ్యూలో, ఎఫ్‌పీఎమ్మో, సీజీఐయో, ఏదో ఒకటి ఉండి తీరాలి. మాడ్యూల్ పోతే ఆప్ట్ ఊరుకోదు, మిగతావాటిలో ఒకదాన్ని ఎక్కించే ఏర్పాటు చేస్తుంది. వెబ్ ప్రాజెక్టులు చేసే పిల్లలు ఇది అర్థం కాక, తీసినకొద్దీ ఇంకోటి వస్తోందని పరేషాన్ అవుతారు.

రెండోది, ఇక అవసరం లేనివి అని వచ్చే జాబితా. ఇవి ఇప్పుడే పోవు. తర్వాత ఎవరైనా ఆటోరిమూవ్ కొడితే పోతాయి. ఫాంట్స్-ఇండిక్ పోయిందనుకోండి. దాని వెంట వచ్చిన హిందీ, తమిళం, బెంగాలీ ఫాంట్లు ఆటోమేటిక్‌గా వచ్చినవిగా నమోదై ఉండి, వేరే ఎవరికీ అక్కర్లేకపోతే, ఈ జాబితాలోకి దిగుతాయి. ఆ రోజు ఏమీ తెలియదు. నెల తర్వాత ఎవరో ఆటోరిమూవ్ కొడతారు, హిందీ డిపార్ట్‌మెంట్ ఫైల్ తెరిస్తే డబ్బాలు డబ్బాలు కనిపిస్తాయి. వాటిని నిలబెట్టుకోవాలంటే:

సుడో ఆప్ట్-మార్క్ మాన్యువల్ ఫాంట్స్-దేవ

ఇది నేను కావాలని పెట్టుకున్నది, ముట్టుకోవద్దు అని ఆప్ట్‌కు చెప్పడం. దేవనాగరి ఫాంట్ల ప్యాకేజీ పేరు అది. ఏవేవి మనం కావాలని పెట్టుకున్నవో చూడాలంటే ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ అని కొట్టండి. వేరేవాటి వెంట వచ్చినవి చూడాలంటే షోఆటో.

పోయేవాటిలో ఈ పేర్లు కనిపిస్తే వెంటనే ఆగిపోవాలి: ఉబుంటు-డెస్క్‌టాప్, గ్నోమ్-షెల్, జీడీఎమ్3, నెట్‌వర్క్-మేనేజర్, పైథాన్3. ఇందులో ఉబుంటు-డెస్క్‌టాప్ ఒక్కటే పోతే వెంటనే కొంపేమీ మునగదు. అది ఖాళీ మెటాప్యాకేజీ, మిగతావాటిని ఒక కట్టగా పట్టుకుని ఉండేది. మిగతావి అలా కాదు.

పైథాన్3 గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఫైనల్ ఇయర్ అబ్బాయి ఒకడు కొత్త పైథాన్ వేసుకోవాలని పాతదాన్ని సుడోతో తీసేశాడు. ఆప్ట్ పెద్ద జాబితా చూపించి అవునా కాదా అని అడిగింది, వీడు వై కొట్టాడు. ఉబుంటు పనిముట్లు ఎన్నో పైథాన్‌లో రాసినవే. కాసేపటికి డెస్క్‌టాప్ లేదు, మళ్ళీ ఆన్ చేస్తే నల్ల తెర. ఆప్ట్‌కూ దాని కింద పనిచేసే డీపీకేజీకీ (డీ, పీ, కే, జీ) ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. డీపీకేజీని తీయమంటే, ఫలానావి దీని మీద ఉన్నాయి, తీయను అని మొండికేస్తుంది. ఆప్ట్ మొండికేయదు. వాటన్నిటినీ కూడా గుంజుకుని పోతుంది. మర్యాదగా ఒక్కసారి అడుగుతుంది, అంతే.

అలాంటిది జరిగితే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి అక్షరాల తెరలో లాగిన్ అవ్వండి. వార్ (వీ, ఏ, ఆర్) ఫోల్డర్‌లో లాగ్, అందులో ఆప్ట్, దాంట్లో హిస్టరీ డాట్ లాగ్ అనే ఫైల్ ఉంటుంది. ఏ తేదీన, ఏ టైముకు, ఏ కమాండ్ కొడితే ఏమేం పోయాయో అందులో ఉంటుంది. సుడోతో చేసినవాళ్ళ యూజర్ పేరు కూడా ఉంటుంది కాబట్టి "నేను చేయలే మేడమ్" అనడానికి లేదు. ఆ పేర్లు చూసి, లేదా ఉబుంటు-డెస్క్‌టాప్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి, బయటపడొచ్చు. కాలేజీలో నెట్ ఉంటే సరే. ఊళ్ళో ఫోన్ హాట్‌స్పాట్ మీద చేయాలంటే ఆ రోజు డేటా మొత్తం దానికే పోతుంది. ఉత్తుత్తి తీసివేతకు పట్టేది కొన్ని క్షణాలు.

కమాండ్లంటే పడనివాళ్ళకు సైనాప్టిక్ ఉంది. ప్యాకేజీ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డిపెండెన్సీల ట్యాబ్ తెరిస్తే, పైన ఉన్న చిన్న మెనూలో దీని మీద ఆధారపడ్డవి చూసే వీలుంటుంది. అది కూడా ఒక్క మెట్టే. తీయడానికి గుర్తు పెట్టినప్పుడు మాత్రం వెంట పోయేవన్నీ చూపించి అడుగుతుంది.

ఇంకో రెండు ప్రశ్నలు తరచుగా వస్తాయి. డిస్క్‌లో పెద్ద ఫైల్ కనిపించింది, అది ఏ ప్యాకేజీదో తెలియదు. అప్పుడు డీపీకేజీ అని కొట్టి, హైఫన్, పెద్ద ఎస్, ఆ తర్వాత ఫైల్ పూర్తి దారి ఇవ్వండి. ఇక్కడ మాత్రం ఎస్ పెద్దక్షరమే. ఫైల్ యూఎస్ఆర్ లోపలి బిన్‌లోనో లిబ్‌లోనో ఉండి జవాబు రాకపోతే, ముందున్న యూఎస్ఆర్ తీసేసి మళ్ళీ అడగండి. కొత్త వెర్షన్లలో ఆ ఫోల్డర్లను కలిపేశారు, కొన్ని ప్యాకేజీల చిట్టాలో మాత్రం పాత దారే ఉంది. రెండో ప్రశ్న, ఇది అసలు నా మెషీన్‌లోకి ఎందుకు వచ్చింది అని. దానికి ఆప్టిట్యూడ్ అనే వేరే ప్యాకేజీ వేసుకుని ఆప్టిట్యూడ్ వై అని కొట్టి పేరు ఇస్తే, మీరు కోరుకున్న దాని నుంచి ఇక్కడి దాకా గొలుసు మొత్తం చెబుతుంది. వై అంటే డబ్ల్యూ, హెచ్, వై. నాకు ఆర్‌డిపెండ్స్ కంటే ఇదే ఇష్టం. జాబితా పారేసి ఊరుకోదు, కారణం చెబుతుంది.

ఫెడోరా అనే ఇంకో లినక్స్ వాడేవాళ్ళు మా దగ్గర తక్కువ. వాళ్ళకు డీఎన్ఎఫ్ రెపోక్వెరీ --ఇన్‌స్టాల్డ్ --వాట్‌రిక్వైర్స్ అని కొట్టి పేరు ఇస్తే సరిపోతుంది. ఆర్చ్ లినక్స్‌లో ప్యాక్‌మ్యాన్ అని కొట్టి, హైఫన్, పెద్ద క్యూ, చిన్న ఐ పెట్టి పేరు ఇస్తే, వచ్చే వివరాల్లో రిక్వైర్డ్ బై అనే లైన్ ఉంటుంది.

ఆప్ట్‌కు తెలియని లోకం

ఇప్పటిదాకా చెప్పిందంతా ఆప్ట్ ద్వారా వచ్చిన వాటికే. ఉబుంటు 21.10 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గా (ఆప్ట్‌తో సంబంధం లేని ఇంకో రకం ప్యాకేజీగా) వస్తుంది. దానికి ఏం కావాలో ఆప్ట్‌కు తెలియదు. స్నాప్ వైపు కొంత కాపలా ఉంది. కోర్22 లాంటి పునాదిని తీయమంటే, ఫలానా స్నాప్ దీన్ని వాడుతోంది, కుదరదు అంటుంది. మనం సొంతంగా రాసుకున్న స్క్రిప్టులు, ఆప్ట్ ఫోల్డర్‌లో చేత్తో పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ (ఓ, పీ, టీ, ఇది వేరే ఆప్ట్) ఎవరి లెక్కలోనూ ఉండవు. మా ల్యాబ్‌లో హాజరు తీసే చిన్న స్క్రిప్ట్ ఒకటి జేక్యూ అనే పనిముట్టును వాడుతుంది. ఆర్‌డిపెండ్స్‌ను అడిగితే దాని మీద ఎవరూ లేరంటుంది. అందుకే ఆ స్క్రిప్ట్ మొదటి లైన్లలోనే దానికి ఏమేం కావాలో కామెంట్‌గా రాసి పెట్టాను, జేక్యూను మాన్యువల్‌గా మార్క్ చేశాను.

పైథాన్ లైబ్రరీలది ఇంకో తీరు, వాటిని పిప్ అనే వేరే పనిముట్టు చూసుకుంటుంది. పిప్ షో నమ్‌పై అని కొడితే చివర్లో రిక్వైర్డ్-బై అనే లైన్ వస్తుంది. పాండాస్, మ్యాట్‌ప్లాట్‌లిబ్, సైకిట్-లెర్న్ వేసుకుని ఉంటే వాటి పేర్లన్నీ అక్కడ ఉంటాయి. కానీ పిప్ అన్‌ఇన్‌స్టాల్ అంటే, వాటి ఊసే ఎత్తకుండా, తీయాలా అని మాత్రం అడిగి తీసేస్తుంది. పాండాస్ అక్కడే ఉంటుంది, పని మాత్రం చేయదు. తీశాక పిప్ చెక్ కొడితే ఎవరికి ఏం తక్కువైందో చెబుతుంది. అంటే డిపెండెన్సీలు తెలిసి కూడా ముందు నోరు విప్పదు. డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి సిస్టమ్ పైథాన్‌లో పిప్‌ను నేరుగా వాడనివ్వడం లేదు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకోమంటుంది. పిల్లలకు అది విసుగు, నాకు మాత్రం ప్రాణం హాయిగా ఉంది.

విండోస్ వాడేవాళ్ళు కూడా అడుగుతారు. కంట్రోల్ ప్యానెల్‌లో మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ అని 2010, 2013 లాంటి ఏళ్ళతో వరసగా ఉంటాయి, ఇన్ని ఎందుకు అని. ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో ఏడాది దాన్ని వాడుకుంటుంది. దేనికి ఏది కావాలో ఆ తెర మీద ఎక్కడా కనిపించదు, తీస్తుంటే హెచ్చరిక కూడా రాదు. వాటిని ముట్టుకోకపోవడమే నయం.

ఒకవేళ మీ అవసరం డిస్క్‌లో జాగా మాత్రమే అయితే, ప్యాకేజీల జోలికి పోకముందు సుడో ఆప్ట్ క్లీన్ కొట్టండి, డౌన్‌లోడ్ అయి మిగిలిన ఫైళ్ళు పోతాయి. జర్నల్‌సీటీఎల్ --వ్యాక్యూమ్-సైజ్=200ఎమ్ అని సుడోతో కొడితే (చివరి ఎమ్ పెద్దక్షరం) పాత లాగులు తగ్గుతాయి. మా ల్యాబ్‌లో చాలాసార్లు ఇంతటితోనే పని అయిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా అనుమానం ఉండి ఎవరినైనా అడగాలనుకుంటే, తెర ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. పోయేవాటి జాబితా పొడుగ్గా ఉంటే ఫోటోలో సగమే పడుతుంది, ఆ సగంలో అసలు పేరు ఉండదు. ఉత్తుత్తి తీసివేత కమాండ్ చివర ఒక గ్రేటర్ దేన్ గుర్తు పెట్టి, లిస్ట్ డాట్ టీఎక్స్‌టీ అని రాస్తే మొత్తం ఒక ఫైల్‌లో పడుతుంది. ఆ ఫైల్ పంపండి, దానితో పాటు అసలు ఎందుకు తీయాలనుకుంటున్నారో ఒక ముక్క రాయండి.